నాన్న చీటీ మునిగిన కథ స్టేజీ మీద చెప్పాను. ఆ వీడియో ఇప్పుడు నాన్న చూశాడు

విభాగం: స్టాండప్, నాటకం, హాస్యం

#1 కృష్ణలంక_కుర్రాడు (ఆదివారం, రాత్రి 11:52)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది విజయవాడ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఎనిమిది నెలలుగా ఓపెన్ మైకులు చేస్తున్నాను. లామకాన్ అనే సాంస్కృతిక వేదికలోనో, ఏదైనా కెఫే మేడ మీదో పేరు రాయించుకోవడం, రెండు గంటలు కూర్చోవడం, ఐదు నిమిషాలు మాట్లాడటం, ఎవరూ నవ్వకపోతే బండి తీసుకుని రూముకి పోవడం. మొదటి ఆరు నెలలూ పీజీ హాస్టల్ సాంబారు, మెట్రోలో సీటు, మా టీమ్ లీడ్, ఈ మూడే. వాటికి నవ్వింది మా రూమ్మేటు ఒక్కడే. అదీ అద్దెలో వాడి వాటా నేను కట్టిన నెలలో.

ఒక రోజు చెప్పడానికి ఏమీ లేక మా నాన్న చీటీ సంగతి ఎత్తాను. ఆరేళ్ళ కిందటిది. నాన్న ఆటోనగర్‌లో ఒక విడిభాగాల షాపులో గుమాస్తా. వీధిలో ఒకాయన దగ్గర నాలుగు లక్షల చీటీ వేశాడు, నెలకి పదివేలు, నలభై నెలలు. అందరూ మధ్యలో పాడుకుని ఎత్తుకున్నారు. మా నాన్న మాత్రం చివరిదాకా ఆగితే కోత లేకుండా నిండు చీటీ వస్తుందని ఆగాడు. ముప్పై ఎనిమిదో నెలలో ఆయన ఇంటికి తాళం వేసి రాత్రికి రాత్రి వెళ్ళిపోయాడు.

"మా నాన్నకి పాట రాదు. సినిమా పాటా రాదు, చీటీ పాటా రాదు" అన్నాను. జీవితంలో మొదటిసారి మొత్తం గది నవ్వింది. తర్వాత, మిగతా వాళ్ళంతా ఆ తాళం ముందు గొడవ చేస్తుంటే మా నాన్న గేటు దూకి లోపల తులసికోటకి నీళ్ళు పోసేవాడని చెప్పాను. "పాపం ఆయన తిరిగొచ్చేసరికి ఎండిపోతే బాగుండదు" అనేవాడని. దానికి వెనక నిలబడ్డ టీ కుర్రాడు కూడా నవ్వాడు.

ఎవరో ఫోన్లో తీశారు. అది ఎలా వెళ్ళిందో గుంటూరులో మా బాబాయికి చేరింది, ఆయన ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. నాన్న చూశాడు, టిక్కులు నీలంగా మారాయి. ఆ రాత్రి ఫోన్ చేశాడు. "అన్నం తిన్నావా?" అన్నాడు. తిన్నానన్నాను. పెట్టేశాడు. రోజూ అడిగేదే. కానీ రోజూ కూర ఏంటని కూడా అడుగుతాడు.

రెండు వారాల్లో నాకు మొదటిసారి ఇరవై నిమిషాల స్పాట్ ఇచ్చారు. నా దగ్గర పనికొచ్చేది ఇదొక్కటే. చెప్పాలా, వద్దా?

#2 హాఫ్_చాయ్ (సోమవారం, ఉదయం 9:10)

ఎనిమిది నెలలకే ఇరవై నిమిషాలా! నాకు నాలుగేళ్ళయింది భయ్యా, సరే, అది నా బాధ, నా సెట్లో చెప్పుకుంటాను.

రూమ్ ఎందుకు నవ్విందో చూడు. సాంబారు జోకు అందరూ వేస్తారు, అది నీది కాదు. తులసికోట నీది. ఇంకోటి, ఆ కథలో వెర్రివాడు ఎవరు? మీ నాన్న అనుకుంటున్నావు. జనం మాత్రం ఆయన్ని ఇష్టపడి నవ్వారు. అదే నువ్వు "మా నాన్నకి బుద్ధి లేదు" అనే గొంతుతో చెప్పుంటే ఒక్కడు నవ్వేవాడు కాదు.

ఈ పద్ధతికి నేను గురువులా చూసేది అమెరికా కమెడియన్ టిగ్ నొటారో. 2012 ఆగస్టు 3న లాస్ ఏంజిలిస్‌లో లార్గో అనే చిన్న హాలు. దానికి కొద్ది రోజుల ముందే రొమ్ము క్యాన్సర్ అని తేలింది. దానికి ముందు కొన్ని నెలల్లోనే న్యుమోనియా, పేగులకి ప్రాణం మీదికొచ్చే ఇన్ఫెక్షన్, కిందపడి తల్లి చనిపోవడం, ప్రేమ తెగిపోవడం. స్టేజీ మీదకి వచ్చి, రోజూ పెట్టే నమస్కారం పెట్టి, అదే గొంతుతో తనకి క్యాన్సర్ అని చెప్పింది. ఏడుపు గొంతు లేదు, ఉపోద్ఘాతం లేదు. ఆ రాత్రి ఆడియో తర్వాత ఆల్బమ్‌గా వచ్చింది. విని చూడు. మొదట్లో నవ్వాలో వద్దో జనానికి తెలియదు. ఆవిడే వాళ్ళని ఓదారుస్తూ ఉంటుంది, దానికే నవ్వొస్తుంది.

నా ఓటు: చెప్పు.

#3 వార్డు_నర్సు (సోమవారం, మధ్యాహ్నం 2:35)

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

హాఫ్ చాయ్ గారూ, మీరు చెప్పిన ఆవిడ ఒళ్ళు ఆవిడది, జబ్బు ఆవిడది. చీటీ మునిగింది ఈ అబ్బాయికి కాదు, వాళ్ళ నాన్నగారికి.

నేను పదకొండేళ్ళుగా క్యాన్సర్ వార్డులో పనిచేస్తున్నాను, వైజాగ్‌లో. మా డ్యూటీ రూములో మేం వేసుకునే జోకులు బయట చెబితే మమ్మల్ని మనుషులే అనుకోరు. కానీ తలుపు వేసుకుని వేసుకుంటాం. పేషెంట్లు కూడా వేస్తారు, అవి ఇంకా ఘోరంగా ఉంటాయి. కీమోతో జుట్టు పోయిన ఒకావిడ "తిరుపతి వెళ్ళే ఖర్చు మిగిలింది సిస్టర్" అంది. నేను నవ్వాను. అదే మాట నేను అని ఉంటే? ఉద్యోగం పోయేది, పోవాలి కూడా.

మీ నాన్నగారు ఆ మాట మీ అమ్మగారితో నవ్వుతూ అని ఉండొచ్చు. నలుగురిలో అనలేదు కదా.

#4 మోడరేటర్ (సోమవారం, మధ్యాహ్నం 3:02)

#1లో చీటీ నడిపిన వ్యక్తి ఇంటిపేరు, వీధి గుర్తులు తీసేశాను. స్టేజీ మీద కూడా చెప్పకపోవడమే మంచిది. ఇంకో మనవి. నవ్వడం భోగమా రోగమా అనే ఆ అరిగిపోయిన సూక్తిని ఈ చర్చలో ఎవరూ పెట్టకండి, ఇప్పటికే రెండు తీసేశాను.

#5 ముక్కుసూటి (సోమవారం, సాయంత్రం 6:20)

ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతా. తమ్ముడూ, మీ నాన్న నిజంగా గేటు దూకి తులసికోటకి నీళ్ళు పోశాడా? నువ్వు కళ్ళారా చూశావా?

ఎందుకంటే ఈ కష్టాల కామెడీలో పెద్ద రోగం ఇదే. అమెరికా కమెడియన్ హసన్ మిన్హాజ్ విషయం గుర్తుందా? అమెరికాలో ముస్లిం కుర్రాడిగా పడ్డ బాధలు చెప్పి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 2023 సెప్టెంబరులో న్యూయార్కర్ పత్రిక ఒక్కొక్కటీ తవ్వి చూస్తే, ఇంటికి పౌడర్ ఉన్న కవరు వచ్చిందనీ, కూతురి మీద పడి ఆస్పత్రికి పరిగెత్తామనీ స్టేజీ మీద చెప్పింది అలా జరగలేదని తేలింది. కూతురు ఆస్పత్రికి వెళ్ళనే లేదు. తన కథల్లో ఉన్నది భావోద్వేగపు సత్యం అన్నాడు. తర్వాత వీడియో పెట్టి పత్రిక తన మాటల్ని సరిగ్గా చూపించలేదని వాదించాడు. ఎవరి వైపు నిలబడతారో మీ ఇష్టం. నాకైతే నమ్మకం పోయింది.

పప్పులో కాలేశాడనే జోకుకి సాక్ష్యం అక్కర్లేదు. కానీ "ఇది నాకు జరిగిన అన్యాయం" అని జాలి వసూలు చేసి దాని మీద నవ్వు కూడా వసూలు చేస్తే, లెక్క సరిగ్గా ఉండాలి. చీటీ వ్యాపారంలాగే.

#6 లా_పాయింటు (సోమవారం, సాయంత్రం 6:41)

చర్చకి సంబంధం లేదనుకోకండి. రిజిస్టర్ చేయని చీటీ నడపడం 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నేరం. మీ నాన్నగారు పోలీసు కంప్లైంట్ ఇచ్చారా? కాగితాలు ఉన్నాయా?

#7 హాఫ్_చాయ్ (సోమవారం, సాయంత్రం 6:44)

@లా_పాయింటు సార్, ఈ మాట మీరే స్టేజీ ఎక్కి ఇదే గొంతుతో అనండి. నేను మీకు ఓపెనింగ్ చేస్తా.

#8 కృష్ణలంక_కుర్రాడు (సోమవారం, రాత్రి 10:15)

@లా_పాయింటు ఇచ్చారండీ. స్టేషన్లో నలభై మంది. ఎస్సై గారు అందరినీ వరుసలో నిలబెట్టి ఎవరెవరిది ఎంత అని రాసుకున్నారు. అంతే.

@ముక్కుసూటి నిజం చెప్పేస్తాను. నేను చూడలేదు. అప్పుడు ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నాను. సాయంత్రాలు నాన్న ఆ ఇంటి వైపు వెళ్తున్నాడని, మొక్కకి నీళ్ళు పోసి వస్తున్నాడని చెల్లి ఫోన్లో చెప్పింది. మొక్క అంది. తులసి అని నేనే పెట్టుకున్నాను. "ఎండిపోతే బాగుండదు" అన్న మాట కూడా నాదే అనుకుంటా. ఇప్పుడు ఏది చెల్లి చెప్పిందో ఏది నేను కల్పించానో నాకే తెలియడం లేదు. రెండు నెలలుగా వారానికి మూడుసార్లు చెబుతున్నా కదా, చెప్పిందే జరిగినట్టు గుర్తుంటోంది.

#9 లత్కోర్_2.0 (సోమవారం, రాత్రి 11:30)

గీ లాస్ ఏంజిలిసులు, న్యూయార్కులు ఎందుకన్నా? మా కరీంనగర్ దిక్కు పిట్టల దొర యాదికి లేడా మీకు?

తెల్వనోళ్ళ కోసం చెప్తున్న. ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. లత్కోర్ సాబ్ అంటరు, తుపాకి రాముడు అంటరు. ఒక్కడే వస్తడు, డోలు లేదు, తాళం లేదు. ఇంటి ముంగట నిలబడి తన ఆస్తులు చెప్పుడు మొదలువెడ్తడు. లేని బంగ్లాలు, లేని తోటలు, ఎన్నడూ చూడని విమానాలు. మా చిన్నప్పుడు ఒకాయన వచ్చేటోడు. ఆయన జాగీరు ఎంత పెద్దదో చెప్పి చెప్పి, ఆఖరికి మా అవ్వను "దొరసానీ, ఇన్ని ఉన్నయి గని ఇయ్యాల పొయ్యిల బియ్యం లేవు" అనేటోడు. అవ్వ నవ్వుకుంట చాటల బియ్యం తెచ్చేది.

ఇది స్టాండప్ కాకపోతే ఏంది? పేదరికాన్నే నిలబడి జోకుగ చెప్పి, రొక్కం బదులు బియ్యం తీసుకున్నడు. అబద్ధాలా, అన్నీ అబద్ధాలే. ఒక్కరు అడగలే సాక్ష్యం. ఎందుకంటే అబద్ధమని ఆయనకు ఎర్కే, మాకు ఎర్కే. ఆఖరి మాట ఒక్కటే నిజం.

#10 ముక్కుసూటి (మంగళవారం, ఉదయం 8:05)

@లత్కోర్_2.0 అన్నా, మీ దొర నా వాదాన్నే బలపరుస్తున్నాడు. ఆయన కోతలు కోస్తున్నానని వేషంలోనే చెప్పేశాడు. మిన్హాజ్ జీన్స్ ప్యాంటేసుకుని వచ్చి ఇది నా బతుకు అన్నాడు.

అయినా పోస్టు బాగుంది, కాదనను.

#11 పద్మ_డల్లాస్ (మంగళవారం, ఉదయం 8:50)

ఎదురుగా కూర్చున్న వాళ్ళ వైపు నుంచి ఒకటి చెప్పనా?

నాలుగేళ్ళ కిందట మా ఊరి తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమంలో మా ఆయన పది నిమిషాలు కామెడీ చేశారు. నాకు తెలియదు ఏం చెప్తారో. నేను డ్రైవింగ్ టెస్టు నాలుగుసార్లు తప్పిన సంగతి మొత్తం చెప్పారు, ఎగ్జామినర్ సీటు బెల్టు పట్టుకుని దండకం చదివాడని సహా. మూడొందల మంది నవ్వారు. మా పక్క కుర్చీ ఆవిడ నా తొడ మీద కొట్టి మరీ నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను? ఇంటికి ముప్పై మైళ్ళు. ఒక్క మాట మాట్లాడలేదు. బండి నేనే నడిపాను.

నాలుగోసారి తప్పిన రోజు నేను పార్కింగ్‌లో కూర్చుని గంటసేపు ఏడ్చాను. పిల్లాడికి అప్పుడు ఎనిమిది నెలలు, ఈ దేశంలో కారు లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేను. ఆయనకి ఆ గంట సంగతి తెలియదు. తెలియదు కాబట్టి జోకు అంత తేలిగ్గా వచ్చింది.

ఇప్పుడు ఏం చెప్పినా ముందు నాకు వినిపిస్తారు. రెండు కొట్టేశాను. ఒకటి నేనే ఇచ్చాను. ఇచ్చినదానికే ఎక్కువ నవ్వారు అని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

#12 పీహెచ్‌డీ_పెండింగ్ (మంగళవారం, మధ్యాహ్నం 12:20)

"కష్టానికి కొంత కాలం కలిపితే కామెడీ" అని ఇంగ్లిష్‌లో ఒక నానుడి ఉంది. ఆ "కొంత" ఎంత అని కొలిచినవాళ్ళు ఉన్నారు. 2012 అక్టోబరు చివర్లో శాండీ తుఫాను అమెరికా తూర్పు తీరాన్ని కొట్టింది. హాస్యం మీద పరిశోధన చేసే పీటర్ మెక్‌గ్రా బృందం తుఫాను మీద వేసిన జోకు ట్వీట్లను వేర్వేరు రోజుల్లో వేర్వేరు మనుషులకి చూపించి మార్కులు వేయమంది. తుఫాను నష్టం బయటపడ్డ తర్వాత నవ్వు పడిపోతూ పదిహేను రోజుల దగ్గర అడుగుకి చేరింది. ముప్పై ఆరో రోజు దగ్గర శిఖరానికి వెళ్ళింది. మూడు నెలలు దాటేసరికి మళ్ళీ పడిపోయింది. అంటే మరీ దగ్గరైతే నొప్పి, మరీ దూరమైతే చప్పన.

ఈ లెక్కన చీటీకి ఆరేళ్ళంటే గడువు ఎప్పుడో దాటింది.

#13 అమలాపురం_అబ్బులు (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

అయ్యా పెండింగ్ గారూ, ఆ ముప్పై ఆరు రోజుల లెక్క మా కోనసీమలో చెప్పకండి. 1996 నవంబరు 6 తుఫాను. మా తాతయ్య వారం తిరక్కుండా మొదలెట్టాడు. "మన ఇంటి పైకప్పు చుట్టపుచూపుగా పక్క ఊరెళ్ళిందిరా, మర్యాదలు బాగా చేస్తున్నట్టున్నారు, రావట్లేదు" అని. చనిపోయేదాకా ఆ మాట అంటూనే ఉన్నాడు. మా మామ్మ మాత్రం ఒక్కసారి నవ్వలేదు. ఆ రాత్రి ఆవిడ పుట్టింట్లో ఇద్దరు పోయారు. ఒకటే తుఫాను, ఒకటే ఇల్లు, ఒకటే మంచం మీద కూర్చునేవాళ్ళు.

ఎవరికి ఎన్నో రోజో ఎలా కొలుస్తారండీ?

#14 పీహెచ్‌డీ_పెండింగ్ (మంగళవారం, మధ్యాహ్నం 1:22)

కొలవలేను. అందుకే పెండింగు.

#15 అరుగు_మాస్టారు (మంగళవారం, రాత్రి 8:40)

నేను తెనాలి దగ్గర తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఈ స్టాండప్పులు మా మనవడు చూపిస్తుంటే చూస్తాను, సగం అర్థం కావు, బూతులు మాత్రం అర్థమవుతాయి.

బాబూ, మీ నాన్నగారి మనసులో ఏముందో నాకు తోచింది చెప్తాను. మన భాషలో "నవ్వులపాలు" అని మాట ఉంది. నీళ్ళపాలు, మట్టిపాలు, నవ్వులపాలు. పోయినదాన్ని చెప్పే వరస అది. చీటీ పోయిన రోజు ఆయన భయపడింది డబ్బు గురించి సగం, నలుగురూ నవ్వుతారని సగం. ఆరేళ్ళు ఆ రెండో సగం జరగకుండా కాపాడుకున్నాడు. నువ్వు టిక్కెట్టు పెట్టి మరీ నవ్వించావు.

తిట్టడం లేదు. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం వంత ఉంటాడు చూశావా? యుద్ధంలో వీరుడు చచ్చే ఘట్టంలో కూడా ఒక మాట వేసి నవ్విస్తాడు. జనం కోపగించరు, ఎందుకంటే పక్కనే కథకుడు ఆ వీరుడి పరువు నిలబెడుతూ ఉంటాడు. నీకు ఆ రెండో మనిషి లేడు. ఒక్కడివే ఇద్దరి పనీ చెయ్యాలి.

#16 హాఫ్_చాయ్ (మంగళవారం, రాత్రి 9:30)

మాస్టారూ, దండం. ఇది రాసి గోడకి అంటించుకున్నా.

మాస్టారు చెప్పిన దానికి దగ్గరగా ఇంకోటి. కమెడియన్ హానా గాడ్స్‌బీ 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన షోలో చెప్పిన విషయం. ఆస్ట్రేలియాలో టాస్మేనియా వాళ్ళది. స్వలింగ సంబంధాలు అక్కడ 1997 దాకా నేరం. బస్టాపులో ఒకడు తనని మగాడనుకుని కొట్టబోయి, ఆడమనిషని తెలిసి సారీ చెప్పి వెళ్ళాడని షో మొదట్లో జోకుగా చెబుతారు. జనం నవ్వుతారు. షో చివర్లో మిగతాది చెబుతారు. వాడు వెళ్ళిపోలేదు, తిరిగొచ్చి కొట్టాడు. ఇన్నేళ్ళూ జోకు కోసం కథని నవ్వొచ్చే చోట ఆపేశానంటారు. జోకుకి రెండు ముక్కలు చాలు, మొదలూ మధ్యా. కథకి మూడోది కావాలి.

అది విన్నాక నా పాత సెట్లన్నీ వెతుక్కున్నా, ఎక్కడెక్కడ ముందే ఆపేశానా అని. మా అన్న తాగుడు మీద నాకు ఏడు నిమిషాలు ఉండేది, బాగా ఆడేది. ఇప్పుడు చెయ్యట్లేదు. ఎందుకని అడగొద్దు.

#17 వార్డు_నర్సు (బుధవారం, ఉదయం 7:15)

అడగనండి.

#18 ముక్కుసూటి (బుధవారం, ఉదయం 10:00)

రెండు రోజులుగా నేనొక్కడినే వ్యతిరేకం అన్నట్టుంది కాబట్టి నాకు నచ్చినది కూడా ఒకటి చెప్తా. అమెరికా కమెడియన్ రిచర్డ్ ప్రయర్. 1980లో కొకైన్ మత్తులో ఒంటికి నిప్పంటించుకున్నాడు, మంటలతో వీధిలో పరిగెత్తాడు. దేశమంతా జోకులు వేసుకుంది. రెండేళ్ళ తర్వాత ఆ సంగతే స్టేజీ మీద చెప్పాడు. చివర్లో అగ్గిపుల్ల గీసి, గాల్లో గెంతిస్తూ కదిపి, ఇది ప్రయర్ వీధిలో పరిగెత్తడం అన్నాడు. జనం తన వెనక వేసుకున్న జోకు అది. వాళ్ళ చేతుల్లోంచి లాక్కుని తనే వేశాడు.

అది వేరే పని. తన మంట, తన అగ్గిపుల్ల. వార్డు నర్సు గారు మొదటి రోజే చెప్పారు ఇది.

#19 హాఫ్_చాయ్ (బుధవారం, ఉదయం 10:20)

సరే, ఇంతమంది ఇన్ని చెప్పాం. కుర్రాడు ఏడీ? తమ్ముడూ, నాన్నతో మాట్లాడావా? అది తప్ప అన్నీ చర్చించేశాం.

#20 కృష్ణలంక_కుర్రాడు (ఆదివారం, రాత్రి 9:05)

శనివారం విజయవాడ వెళ్ళాను. అన్నం తిన్నాక నాన్న అరుగు మీద కూర్చుంటే పక్కన కూర్చున్నాను. పావుగంట ఇద్దరం రోడ్డు చూశాం. "ఆ వీడియో..." అన్నాను.

"తులసి కాదురా" అన్నాడు.

"ఏంటి?"

"నీళ్ళు పోసింది తులసికి కాదు. కరివేపాకు చెట్టుకి. పెరట్లో ఉండేది. గేటు దూకే వయసా నాది? పక్క సందులోంచి దారి ఉంది."

ఎందుకు పోశావని అడిగాను.

"మూడేళ్ళు మన ఇంట్లో పులుసుకి, తాలింపుకి కరివేపాకు ఎక్కడిదనుకున్నావు? ఆ చీటీలో వసూలైంది అదొక్కటేరా."

నేను ఎంత నవ్వానంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నాన్న నవ్వలేదు, నిజాయితీగా లెక్క చెబుతున్నట్టు ఉన్నాడు. తర్వాత చిన్నగా ఒక మాటన్నాడు. ఇంకో చీటీ కూడా ఉందట, అమ్మకి చెప్పనిది, రెండు లక్షలది. అది మాత్రం ఎక్కడా చెప్పొద్దన్నాడు.

కరివేపాకు చెప్పొచ్చా అని అడిగాను. "పులుసులో వేసేదే కదా" అన్నాడు.

#21 పద్మ_డల్లాస్ (ఆదివారం, రాత్రి 9:20)

బాబూ. రెండో చీటీ సంగతి ఎక్కడా చెప్పొద్దన్నారు కదా మీ నాన్నగారు.

#22 అమలాపురం_అబ్బులు (ఆదివారం, రాత్రి 9:21)

హహహ, ఒరేయ్ అబ్బాయ్!

#23 కృష్ణలంక_కుర్రాడు (ఆదివారం, రాత్రి 9:22)

అయ్యయ్యో. మోడరేటర్ గారూ, ఆ లైను తీసెయ్యండి ప్లీజ్.

#24 లా_పాయింటు (ఆదివారం, రాత్రి 9:30)

రెండో చీటీకి విడిగా కంప్లైంట్ ఇచ్చారా?

#25 మోడరేటర్ (ఆదివారం, రాత్రి 10:10)

తీసేద్దామని చూశాను. ఈలోపు పదిహేడు మంది లైక్ కొట్టారు. #20 తీసేస్తే #21, #22, #24 ఉంటాయి. మీ అమ్మగారికి ఈ సైటు తెలియదనే నమ్మకంతో ఉంచేస్తున్నాను. ఇంటి గుర్తులు ఇంకా ఏమైనా ఉంటే చెప్పండి, అవి తీసేస్తాను.

#26 వార్డు_నర్సు (సోమవారం, ఉదయం 6:50)

నాన్నగారు కూర ఏంటని అడిగారా ఈసారి?

#27 కృష్ణలంక_కుర్రాడు (సోమవారం, ఉదయం 8:00)

అడిగారండీ. బస్సెక్కిన అరగంటకే.

#28 హాఫ్_చాయ్ (శుక్రవారం, రాత్రి 11:58)

ఈరోజు నేను వెళ్ళా, వెనక వరుసలో కూర్చున్నా. పాతిక మంది ఉంటారు. మొదటి ఆరు నిమిషాలు పీజీ సాంబారు, ఇంకా వదల్లేదు వీడు. మైకు ఒకసారి ఆగిపోయింది. చీటీ మొదలెట్టాక రూమ్ ముందుకు వంగింది. రెండు చోట్ల ఇంగ్లిష్‌లో చెప్పబోయి మళ్ళీ తెలుగులోకి వచ్చాడు, మంచి పని చేశాడు. "నిండు చీటీ" అనే మాటకి ఏ భాషలో నవ్వు తెస్తాం? వాళ్ళమ్మ గారి ప్రస్తావన ఒక్కటీ లేదు, పోలీస్ స్టేషన్ వరస కొత్తగా కలిపాడు, బాగుంది. కరివేపాకు దగ్గర ఒక పెద్దాయన కుర్చీ మీద కొట్టుకుంటూ నవ్వాడు. ఆయనకి కూడా ఏదో చీటీ ఉన్నట్టుంది.

ఇరవై అన్నారు, పదిహేడుకే దిగిపోయాడు. ఫరవాలేదు.

#29 లత్కోర్_2.0 (శనివారం, ఉదయం 7:30)

బియ్యం ఏమన్న ఇచ్చిన్రా?

#30 కృష్ణలంక_కుర్రాడు (శనివారం, మధ్యాహ్నం 1:10)

@లత్కోర్_2.0 ఒక కోల్డ్ కాఫీ ఇచ్చారన్నా.

పొద్దున నాన్నకి ఫోన్ చేసి రికార్డింగ్ వినిపించాను. స్పీకర్లో పెట్టి, పదిహేడు నిమిషాలూ విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. మైకు ఆగిపోయిన చోట మాత్రం "కరెంటు పోయిందా?" అన్నాడు. అంతా అయ్యాక కాసేపు ఊరుకున్నాడు.

"కరివేపాకు దగ్గర ఎక్కువ నవ్వారు" అన్నాడు.

"అవును నాన్నా."

"ఆ మాట నాదని చెప్పావా?"

చెప్పలేదు. వచ్చే బుధవారం ఇంకో స్పాట్ ఉంది.